ఎన్‌జీసీ స్లాబ్‌ని పీసీజీఎస్‌కి మార్చాలా? పంపే ముందు చూసుకోవలసినవి

ఎన్‌జీసీ, పీసీజీఎస్ అనేవి నాణెం అసలుదో కాదో, ఎంత బాగుందో చూసి గ్రేడ్ ఇచ్చే అమెరికా కంపెనీలు. గ్రేడ్ చేసిన నాణేన్ని లేబుల్‌తో కలిపి సీలు వేసే గట్టి ప్లాస్టిక్ పెట్టే స్లాబ్. ఎంఎస్ అంటే వాడకంలో అరగని నాణెం, ఏయూ అంటే కాస్త అరిగింది, ఎక్స్‌ఎఫ్ అంటే ఇంకొంచెం అరిగింది, పక్కనున్న అంకె 70కి ఎంత దగ్గరైతే అంత మెరుగు. 'డీటెయిల్స్' అంటే ఏదో లోపం వల్ల అంకె ఇవ్వలేదని. ఇక అడిగింది ఇదీ. సీతమ్మధారలో ఉండే ఒకరి దగ్గర నాలుగు స్లాబులు ఉన్నాయి. 1862 విక్టోరియా రూపాయి ఎన్‌జీసీ ఏయూ 58లో ఉంది. 1840 రూపాయి ఎన్‌జీసీ ఎక్స్‌ఎఫ్ డీటెయిల్స్, కారణం 'క్లీన్డ్' అని లేబుల్ మీదే ఉంది. 1938 ఆరో జార్జి రూపాయి ఎన్‌జీసీ ఎంఎస్ 64. 1947 పులి బొమ్మ నికెల్ రూపాయి మాత్రం పెద్దగా పేరు వినని ఒక కంపెనీ స్లాబ్‌లో ఎంఎస్ 66. నాలుగూ పీసీజీఎస్‌లోకి మార్చి సెట్టు ఒకేలా కనబడేలా చేసుకోవాలని ఆయన కోరిక. వైజాగ్ నుంచే కొరియర్లో అమెరికా పంపేయవచ్చా, స్లాబ్‌తో పంపాలా, పగలగొట్టి పంపాలా అన్నవి ఆయన ప్రశ్నలు.

కొరియర్ సంగతి ముందు తేల్చుకోవాలి. అక్కడ తేడా వస్తే మిగతాదంతా అనవసరం.

1972 నాటి పురావస్తువుల, కళాఖండాల చట్టం ప్రకారం వందేళ్ళు నిండిన నాణెం పురావస్తువు. దాన్ని దేశం దాటించే అధికారం కేంద్ర ప్రభుత్వానికీ, అది అధికారమిచ్చిన సంస్థకీ తప్ప ఇంకెవరికీ లేదు. గ్రేడింగుకే పంపుతున్నాం, మళ్ళీ తిరిగొచ్చేస్తుంది కదా అన్న వాదన నిలవదు, పెట్టె దేశం దాటితే అది ఎగుమతే. శిక్ష తక్కువలో తక్కువ ఆరు నెలలు, ఎక్కువలో ఎక్కువ మూడేళ్ళ జైలు, దానికి తోడు జరిమానా. నాణెం పోవడం సరేసరి. నాణెం అమెరికా వేలంలో కొని ఇక్కడికి తెప్పించుకున్నదైనా సరే, చట్టం చూసేది వయసుని.

రూపాయి నాణేల వరకు గుర్తుపెట్టుకోవడం తేలిక. ఐదో జార్జి రూపాయి 1922తో ఆగిపోయింది. ఆ తర్వాత తేదీ ఉన్న రూపాయి మళ్ళీ 1938లోనే. కాబట్టి విలియం, విక్టోరియా, ఎడ్వర్డ్, ఐదో జార్జి రూపాయలన్నీ పురావస్తువులే. ఆరో జార్జివి ఇంకా కావు. అర్ధరూపాయలు, పావలాలు 1936 దాకా వచ్చాయి కాబట్టి వాటికి మాత్రం తేదీ చూసుకోవాలి, ఏడాదికో సంవత్సరం గీత దాటుతూ ఉంటుంది. నిజాం రూపాయల మీద ఉండే హిజ్రీ సంవత్సరాన్ని మన సంవత్సరంలోకి మార్చి లెక్క కట్టాలి: హిజ్రీ 1344 మొదలైంది 1925 జూలైలో. మన ఉత్తర సర్కారుల కోసం బర్మింగ్‌హామ్‌లోని సోహో టంకశాలలో కొట్టించిన 1794, 1797 నాటి రాగి నాణేల గురించి చెప్పనే అక్కర్లేదు. విశాఖలో పాత కుటుంబాల దగ్గర అవి అప్పుడప్పుడు బయటపడుతుంటాయి, వాటినీ పంపకూడదు.

అంటే మీ నాలుగింటిలో 1862, 1840 రెండూ కదలకూడదు. గ్రేడింగ్ ఈ దేశంలోనే జరిగితే ఇవ్వండి, లేకపోతే ఇవ్వకండి. గ్రేడింగుకి నాణేలు తీసుకునే ఏజెంటుని అడగాల్సిన మొదటి ప్రశ్న ఫీజెంత అని కాదు, "నా నాణేన్ని ఏ ఊళ్ళో గ్రేడ్ చేస్తారు?" అని. జవాబు రాతలో తీసుకోండి. "అదంతా మేం చూసుకుంటాం లెండి" అంటే మీ స్లాబ్ మీరు జేబులో వేసుకుని వచ్చేయండి. వందేళ్ళు నిండని నాణేలకి కూడా కస్టమ్స్ వాళ్ళు వయసు గురించి అడుగుతారు. భారత పురావస్తు శాఖ నిపుణుల సంఘం ఇచ్చే 'పురావస్తువు కాదు' అన్న ధ్రువపత్రం జతచేస్తే గొడవ తగ్గుతుంది.

పేరున్న అంతర్జాతీయ కొరియర్లు చాలావరకు నాణేలనీ డబ్బునీ తీసుకోని వస్తువుల జాబితాలో పెట్టేశాయి. కౌంటర్లో కుర్రాడు 'కలెక్టబుల్' అని రాసి తీసుకుంటాడు. పోతే మాత్రం బీమా రాదు, ఎందుకంటే మీరు చెప్పింది ఒకటి, పంపింది ఇంకొకటి. తిరిగొచ్చేటప్పుడు కాగితాలు సరిగా లేకపోతే మీ నాణేనికే మీరు దిగుమతి సుంకం కట్టాల్సి వస్తుంది. 1938, 1947 నాణేలని పంపాలనే ఉంటే, ఎగుమతి-పునర్దిగుమతి కాగితాలు సొంతంగా నడిపే అధీకృత డీలరు ద్వారా నలుగురివీ కలిపి వెళ్ళే లాట్‌లో పంపండి.

ఇక డబ్బు లెక్క. క్రాస్‌ఓవర్‌లో, అంటే ఒక కంపెనీ స్లాబ్ నుంచి ఇంకో కంపెనీ స్లాబ్‌కి మార్పించుకోవడంలో, నాణెం మారకపోయినా గ్రేడింగ్ ఫీజు తిరిగి ఇవ్వరు. పీసీజీఎస్‌లో మారితే ఫీజు మీద నాణెం విలువలో 1 శాతం గ్యారంటీ ప్రీమియం కూడా పడుతుంది. దీనికి రానూపోనూ ఖర్చు, బీమా, జీఎస్‌టీ, డీలరు చార్జీ కలపండి. మాటవరసకి అన్నీ కలిపి నాణేనికి 7,000 రూపాయలు అయిందనుకుందాం, స్లాబ్ మారినందుకు అమ్మకపు ధర 10,000 పెరుగుతుందనుకుందాం. చూడ్డానికి 3,000 లాభం. కానీ పంపిన రెండింట్లో ఒకటే మారితే 14,000 పెట్టి 10,000 తెచ్చుకున్నట్టు. మీ నాణెం మారే అవకాశం ఎంతో నిజాయితీగా వేసుకుని అప్పుడు లెక్క కట్టండి. ధర చూసేటప్పుడు అడుగుతున్న రేటు వద్దు, వేలంలో అమ్ముడైన రేటే చూడండి. అదే రకం, అదే గ్రేడ్ అయి ఉండాలి.

బ్రిటిష్ ఇండియా నాణేల్లో ఎన్‌జీసీకీ పీసీజీఎస్‌కీ మధ్య ధరలో పెద్ద తేడా మామూలుగా ఉండదని నా అంచనా. మన కొనుగోలుదారు టోనింగ్ (కాలం గడిచాక లోహం మీద పట్టే రంగు) చూస్తాడు, ముఖం మీద గీతలు చూస్తాడు, రకం చూస్తాడు, ఆ తర్వాతే లేబుల్. తేడా గట్టిగా కనబడేది చిన్న కంపెనీ స్లాబ్ నుంచి ఈ రెండింటిలో ఏదో ఒకదానికి వెళ్ళినప్పుడు. పీసీజీఎస్ సెట్ రిజిస్ట్రీలో (సేకర్తలు తమ సెట్లని పోటీకి పెట్టే పట్టికలో) పోటీ పడేవాళ్ళకి వేరే దారి లేదు, అందులో పీసీజీఎస్ నాణేలే చెల్లుతాయి. మీది ఆ కోరిక కాదు, పెట్టెలో నాలుగూ ఒకేలా ఉండాలన్నదే. అది సరదా ఖర్చు, అలాగే లెక్క వేసుకోండి.

పంపాలనే అనుకుంటే ముందు నాణేన్ని మళ్ళీ మీరే గ్రేడ్ చేయండి, లేబుల్ మీద కాగితం ముక్క అంటించి. సర్టిఫికెట్ నంబరు కంపెనీ సైట్లో కొట్టి చూస్తే సరిపోదు. నకిలీ స్లాబులు చేసేవాళ్ళు నిజమైన నంబర్లే వేస్తారు. సైట్లో ఫోటో ఉంటే, మీ నాణెం మీదున్న ఒక గీతనో మచ్చనో పట్టుకుని అది ఫోటోలో అదే చోట ఉందా అని చూడండి. ఫోటో లేకపోతే కనీసం లేబుల్ మీద రకం, సంవత్సరం, గ్రేడ్ సైట్లో ఉన్నవాటితో అక్షరం తేడా లేకుండా సరిపోవాలి.

తర్వాత ఒకే ఒక బల్బు కింద, మిగతా లైట్లు ఆర్పేసి, 5 నుంచి 10 రెట్లు పెద్దది చేసే లూప్‌తో చూడండి. స్లాబ్‌ని నెమ్మదిగా గుండ్రంగా తిప్పుతుంటే వెలుగు పట్టీ నాణెం మీద తిరగాలి. 1862 రూపాయి అయితే రాణి చెంప, చెవి మీది జుట్టు, కిరీటం అంచు దగ్గర ఆ వెలుగు తెగుతుందేమో చూడండి. ఆరో జార్జి రూపాయి అయితే చెవి పైన జుట్టు, కనుబొమ. తెగిన చోట బూడిద రంగు మందకొడి మచ్చ కనబడితే అది అరుగుదల. వివరాలు సన్నగా ఉన్నా వెలుగు తెగకుండా సాగిపోతే అది అచ్చు సరిగా పడకపోవడం, అరుగుదల కాదు. ఏయూ 58 అడుగుతున్నారా, ఎంఎస్ 62 ఆశిస్తున్నారా అన్నది ఇక్కడే తేలిపోతుంది.

ఎన్‌జీసీ స్లాబ్ లోపలి తెల్ల ప్లాస్టిక్ అచ్చులో నాణేన్ని పట్టుకునే పళ్ళుంటాయి. ఆ పళ్ళ కింద అంచు మీద ఏముందో చాలామంది చూడరు. మన వైపు వెండి రూపాయలు కాసుల పేర్లలోకీ లాకెట్లలోకీ వెళ్ళి తిరిగొచ్చినవే ఎక్కువ. కొక్కెం తీసేశాక మిగిలే అతుకు మచ్చ పన్నెండు గంటల స్థానంలో ఉంటుంది. అది పంటి కింద దాగి ఉంటే మొదటి కంపెనీ దాన్ని పట్టుకునే ఉండాలి, పట్టుకోకపోతే రెండోది పట్టుకుంటుంది. 1940 నుంచి వచ్చిన, సగమే వెండి ఉన్న రూపాయలకి సెక్యూరిటీ అంచు (నకిలీ చేయడం కష్టమయ్యే నమూనా) ఉంటుంది, 1938, 1939 వాటికి మామూలు గాడులే. 1939 రూపాయి అరుదు కాబట్టి దానిమీద గ్రేడర్లకి అనుమానం ఎప్పుడూ ఎక్కువే. స్లాబ్‌లో అంచు కనబడకపోయినా, బరువు తూచే వీలు లేకపోయినా వాళ్ళు సందేహలాభం మీకివ్వరు.

స్లాబ్‌తో పంపిన నాణేలకి మార్కులు పడడం కష్టమన్న మాట అందుకే వచ్చింది. ప్లాస్టిక్ మీది గీతలు నాణెం మీది సన్నగీతల్లా కనబడతాయి, అంచు పూర్తిగా కనబడదు, పైగా గ్యారంటీ ఇచ్చేది కొత్త కంపెనీ, తేడా వస్తే డబ్బు కట్టేదీ అదే. 

మనకి ఇంకో ఇబ్బంది ఉంది, అది విశాఖ గాలి. స్లాబ్ గాలి చొరబడని డబ్బా కాదు. బీచ్ రోడ్డుకి దగ్గర్లో, కిటికీలు తెరిచి ఉండే ఇంట్లో అయిదారు వానాకాలాలు గడిచిన స్లాబ్‌లో నాణెం గ్రేడ్ చేసిన రోజున ఉన్న నాణెం కాదు. వెండి మీద అంచు నుంచి లోపలికి నల్లటి మసక పాకుతుంది, రాగి మీద ఆకుపచ్చ చుక్కలు లేస్తాయి. పాత లేబుల్ ఎంఎస్ 64 అనే అంటుంది, కొత్త కంపెనీ మాత్రం ఈ రోజు ఉన్నదాన్నే చూస్తుంది. మసక వెలుగుని మింగేస్తే 63కి దిగుతుంది, పచ్చ చుక్కలుంటే డీటెయిల్స్‌కే పోతుంది. పీసీజీఎస్ డీటెయిల్స్ కోడ్‌లు తెలిసి ఉంటే మంచిది: 91 అనుమానాస్పద రంగు, 92 క్లీనింగ్, 95 గీత, 97 వాతావరణ నష్టం, 98 దెబ్బ. తీరం ఊళ్ళ నాణేలకి 97 భయం, ఇంట్లో దేవుడి గదిలో ఉన్న నాణేలకి 92 భయం. చింతపండు, విభూతి, వెండి పాలిష్ పొడి పెట్టి తోమిన రూపాయి మీద ఒకే దిక్కులో సన్నగీతలు లూప్‌లో గుంపుగా కనబడతాయి. ఏ కంపెనీ అయినా పట్టేస్తుంది.

మీ 1840 ఇప్పటికే 'క్లీన్డ్' కాబట్టి దాన్ని మార్చడం దండగ. ఎన్‌జీసీ డీటెయిల్స్ పీసీజీఎస్‌లో మంచి గ్రేడ్ అవుతుందన్న ఆశ మీద డబ్బు పెట్టకండి.

ఫారం నింపేటప్పుడు ఎక్కువ నష్టం జరిగేది కనీస గ్రేడ్ గడిలో. అక్కడ 64 అని రాస్తే, నాణెం వాళ్ళ లెక్కలో 64కి తగ్గితే పాత స్లాబ్ ముట్టుకోకుండా తిరిగిస్తారు. ఫీజు పోతుంది, స్లాబ్ మిగులుతుంది. గడిలో 'ఏ గ్రేడ్ అయినా' అని రాస్తే, 62 వచ్చినా పగలగొట్టి కొత్తదాంట్లో వేసేస్తారు, అప్పుడిక వెనక్కి రాదు. గడి ఖాళీగా వదలకండి. డీటెయిల్స్ వచ్చినా మార్చమని విడిగా ఒప్పుకునే చోట టిక్ పెట్టకండి. అమ్మేందుకైతే ఇప్పుడున్న గ్రేడే కనీసంగా రాయండి. ఇంట్లో ఉంచుకునే నాణేనికి, ప్లాస్టిక్ ఒకేలా ఉండాలన్నదే లక్ష్యమైతే, ఒక మెట్టు తగ్గించి రాయొచ్చు.

ఆ గడి అంకెని మాత్రమే కాపాడుతుంది, లేబుల్ మీది మిగతా మాటల్ని కాపాడదు. 1862 తేదీ ఉన్న రూపాయలు 1862లోనే కాదు, 1874లో తేదీ మళ్ళీ మారేదాకా కొడుతూనే ఉన్నారు. బొంబాయి టంకశాల వాటిని చుక్కలతో వేరుచేసింది, రాణి బొమ్మలోనూ వెనక నమూనాలోనూ రకాలున్నాయి. మీ ఎన్‌జీసీ లేబుల్ మీద ఆ రకం, ఎస్ అండ్ డబ్ల్యూ నంబరు (స్టీవెన్స్, వియర్‌ల కేటలాగులో ఆ రకానికి ఇచ్చిన నంబరు) ఉందనుకోండి. కొత్త లేబుల్ మీద ఉత్త '1862 రూపాయి' అని వస్తే, గ్రేడ్ అలాగే ఉన్నా ధర పడిపోతుంది. 1840లో పేరు ఆపకుండా చుట్టూ రాసినదీ, తలకి రెండువైపులా విడగొట్టి రాసినదీ వేర్వేరు, వాటికీ ఇదే. రకం గుర్తింపు సేవ విడిగా అడగాలి, దానికి ఫీజు విడిగా ఉంటుంది. చుక్కల ఫోటో దగ్గరగా తీసి జతచేయండి, గ్రేడర్ మీ కోసం చుక్కలు లెక్కపెడతాడని నమ్మకండి. ప్రూఫ్ నాణేలకైతే (ప్రత్యేకంగా మెరుగుపెట్టి కొట్టినవి) ఇంకా జాగ్రత్త: బొంబాయి, కలకత్తా టంకశాలల రీస్ట్రైకులు, అంటే తర్వాత మళ్ళీ కొట్టినవి, చాలా ఉన్నాయి. ఒక కంపెనీ ఒరిజినల్ అన్నదాన్ని ఇంకొకటి రీస్ట్రైక్ అంటే అంకె మారకుండానే విలువ కుప్పకూలుతుంది.

పగలగొట్టి పంపడం ఎప్పుడు? చిన్న కంపెనీ స్లాబులకి. ఏ కంపెనీల స్లాబులు క్రాస్‌ఓవర్‌గా తీసుకుంటారో ముందే అడిగి తెలుసుకోండి, తీసుకోనివి విడి నాణేలుగానే ఇవ్వాలి. మీ 1947 రూపాయి బహుశా ఆ కోవలోదే. ఎన్‌జీసీ స్లాబ్‌ని మాత్రం మీకు మీ కన్ను మీద గట్టి నమ్మకం ఉంటే తప్ప పగలగొట్టకండి. పగిలిన మరుక్షణం ఆ కంపెనీ గ్యారంటీ పోయింది, గ్రేడ్ పోయింది, మీ దగ్గర మిగిలింది ఒక విడి రూపాయి.

పగలగొట్టేటప్పుడు సుత్తి వాడకండి. సుత్తి దెబ్బకి పెళుసు ప్లాస్టిక్ ముక్క నాణెం మీదే గీస్తుంది. రెండు ముఖాలూ, లేబులూ ముందు ఫోటో తీసుకోండి. కళ్ళజోడు పెట్టుకుని, బల్ల మీద మందపాటి తువ్వాలు పరిచి, నాణెం ఉన్న భాగాన్ని గుడ్డతో చుట్టి, లేబుల్ వైపు మూల దగ్గర రెండు పలకలు కలిసే అతుకు మీద నిప్పర్‌తో కొద్దికొద్దిగా నొక్కండి. అతుకు పగిలిన చప్పుడు రాగానే ఆపి, స్క్రూడ్రైవర్ కొన సందులో పెట్టి మెలితిప్పితే పలకలు విడిపోతాయి. పక్కనున్న పలుకులన్నీ ఊడ్చేశాకే లోపలి అచ్చుని వెనక్కి వంచి, నాణేన్ని అంచులతో పట్టుకుని తీయండి. ఆ సమయంలో మాట్లాడకండి, ఉమ్మి తుంపర పడిన చోట కొన్నాళ్ళకి మచ్చ లేస్తుంది. లేబుల్ పారేయకండి. అది ఆ కంపెనీకి తిరిగి పంపితే వాళ్ళ పాపులేషన్ లెక్కలోంచి (ఏ గ్రేడ్‌లో ఎన్ని నాణేలున్నాయన్న లెక్క) తీసేస్తారు.

విడి నాణెం ఇప్పుడు మీ చేతిలో ఉంది కాబట్టి కురుపాం మార్కెట్లో ఏ వెండి షాపులోనైనా తూయించండి, రెండు దశాంశాల దాకా చూపించే కాటా ఉంటుంది. వెండి రూపాయి 11.66 గ్రాములు, అరిగినదైతే కొంచెం తగ్గుతుంది. 1947 నికెల్ రూపాయి అయస్కాంతానికి అంటుకోవాలి, అంటుకోకపోతే ఇక గ్రేడింగు మాటే వద్దు. షాపులో అబ్బాయి మెరిపించి ఇస్తానంటే ఇవ్వకండి.

జిగట, టేపు మరక, మెత్తటి ప్లాస్టిక్ ఆల్బం వదిలిన పచ్చటి జిడ్డు ఉంటే స్వచ్ఛమైన ఎసిటోన్‌లో, గాజు గిన్నెలో, గాలి ఆడే చోట, పొయ్యికీ దీపానికీ దూరంగా నానబెట్టి తీయండి. రుద్దకూడదు, తీశాక దానంతట అదే ఆరాలి. నెయిల్ పాలిష్ తుడిచే సీసా అందుకు పనికిరాదు, అందులో రంగు, నూనె కలుపుతారు. ఎసిటోన్ టోనింగుని ముట్టుకోదు, నల్లదనం పోవాలని చూసేవాళ్ళు దాన్నుంచి ఏమీ ఆశించకండి. ఆ పని చేయించాలంటే కంపెనీల కన్జర్వేషన్ సేవకే ఇవ్వాలి. తర్వాత నాణేన్ని పీవీసీ లేని గట్టి మైలార్ ఫ్లిప్‌లో (పారదర్శక ప్లాస్టిక్ కవర్లో) పెట్టండి. వాసన వచ్చే మెత్తటి కవరు అయితే అది పీవీసీయే.

ప్యాకింగ్ గురించి రెండే మాటలు. స్లాబులకి రబ్బరు బ్యాండు వేయకండి, రబ్బరులో గంధకం వెండిని నల్లబరుస్తుంది. న్యూస్‌పేపరు చుట్టకండి. ఒక్కో స్లాబ్ ఒక్కో కవర్లో, కదలకుండా, మధ్యలో బబుల్ ర్యాప్ పెట్టి సర్దండి. ఒకదానికొకటి తగిలితే మూలలు విరుగుతాయి. దేశంలోపల తపాలా ద్వారా పంపితే నాణేలని బీమా చేసే పంపండి. హైదరాబాదో ముంబయో మీరే వెళ్తుంటే విమానంలో చేతిసంచిలో పెట్టుకోండి, ఎక్స్‌రే ఏమీ చేయదు.

మీ నాలుగింటి విషయానికి వస్తే 1840ని కదపకండి. 1862ని గ్రేడింగ్ ఈ దేశంలో జరిగేటట్టయితేనే, కనీసం 58 అని రాసి, రకం గుర్తింపుతో కలిపి ఇవ్వండి. 1938 మీద ముందు మసక చూడండి. మసక లేకపోతే స్లాబ్‌తోనే, కనీసం 64తో పంపండి, ఉంటే ఎన్‌జీసీలోనే ఉంచండి. 1947ని పగలగొట్టి విడిగా ఇవ్వండి. చిన్న కంపెనీల ఎంఎస్ 66 పెద్ద కంపెనీల దగ్గర 66గానే వస్తుందని అనుకోకండి, 63 వచ్చినా ఆశ్చర్యపోనక్కర్లేదు, ఆ ధరకి ఖర్చు గిట్టుతుందా అని ముందే చూసుకోండి.

తిరిగొచ్చిన రోజే లేబుల్ మీద సంవత్సరం, రకం, టంకశాల, గ్రేడ్, నాణెం తలకిందులుగా కూర్చుందా, లోపల ఏదైనా పోగు ఇరుక్కుందా అన్నీ చూడండి. తప్పుంటే వెంటనే చెప్పాలి, నెలలు గడిచాక 'మెకానికల్ ఎర్రర్' (లేబుల్ మీద పొరపాటు) అంటే వినరు. ఆ తర్వాత మూత బిగుసుకునే డబ్బాలో, 50 గ్రాముల సిలికా జెల్ పొట్లంతో పెట్టి, రంగు మారగానే జెల్‌ని వేడిచేసి మళ్ళీ వాడండి. ప్లైవుడ్ బీరువాలో పెట్టకండి, ఆ చెక్క జిగురు వదిలే ఆవిరి కూడా లోహానికి పడదు.